సౌండు తగ్గించిన పాఠం

ఖేడ్ కాలేజీలో నేను పాఠాలు చెప్పిన పదమూడేళ్లూ నాకు ఒక మనిషి మీద కుళ్లు ఉండేది. ఆయన తోటి లెక్చరర్ అయి ఉంటే లోకం అర్థం చేసుకునేది. కానీ ఆయన మా కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. ఇంటర్ తప్పి అక్కడితో చదువు ఆపేసిన మనిషి. నేనేమో యూనివర్సిటీలో మెడల్ తెచ్చుకున్నవాణ్ని. తర్వాత తర్వాత ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే సారుగా హైదరాబాదులో కూడా నలుగురికి తెలిసినవాణ్ని. మెడలున్నవాడు అటెండరును చూసి ఏడవడమేమిటని మీరు నవ్వొచ్చు. మా ఆవిడ అప్పట్లోనే నవ్వింది.

2001లో నేను చేరినప్పుడు కాలేజీ మొత్తానికి ఒకటే కంప్యూటరు. ప్రిన్సిపాల్ గదిలో పూల గుడ్డ కప్పుకుని కొత్త పెళ్లికూతురిలా కూర్చుని ఉండేది. ఆ గుడ్డ తీసే ధైర్యం నా ఒక్కడికే ఉండేది. అణువుల బొమ్మలు గీసి, రంగులు నింపి, వాటిని గిర్రున తిప్పి చూపించేవాణ్ని. పిల్లలు కిటికీల దగ్గర ఎగబడేవాళ్లు. 'కంప్యూటర్ సార్' అని పేరు పడింది. ఆ పేరు వినబడితే లోపల నాకు చాలా బాగుండేది, దాచుకోవడమెందుకు.

అటెండరు అప్పటికే అక్కడ పాతవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయనది ఖేడ్ క్రైస్తవ కుటుంబం. తాతల నాటి నుంచీ కూలిపనే, సర్కారు నౌకరీ దాకా వచ్చింది ఆయనొక్కడే. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, బార్డరు వైపు పిల్లలు ఎదురైతే కన్నడం. నేను క్లాసు చెబుతుంటే పక్కన ల్యాబులో పరీక్షనాళికలు కడుగుతూ ఉండేవాడు. మనూరు, కల్హేరు వైపు నుంచి షేర్ ఆటోల్లో ఇరుక్కుని వచ్చే పిల్లలు ఆయన్ని బాబాయిని పిలిచినట్టు 'కాకా' అని పిలిచేవాళ్లు. నన్ను 'సార్' అనేవాళ్లు. సారు కంటే కాక తక్కువ కాబట్టి అలా పిలుస్తున్నారని అనుకునేవాణ్ని.

మూడేళ్ల తర్వాత కాలేజీ డాబా మీదికి డిష్షు ఎక్కింది. హైదరాబాదులో స్టూడియోలో కూర్చుని ప్రొఫెసర్లు పాఠం చెబితే అదే వేళకు ఇక్కడ టీవీలో కనబడుతుంది. సందేహం వస్తే పిల్లలు ఫోన్ చేసి అడగొచ్చు; ఆ నంబరు తెర కింద నడుస్తూ ఉంటుంది. టీవీ గది తాళంచెవి అటెండరుకు అప్పగించారు. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశాడు. చెప్పులతో ఎవర్నీ లోపలికి రానిచ్చేవాడు కాదు, నాతో సహా.

ఆ మరుసటి ఏడు నాకే పిలుపొచ్చింది. సమతాస్థితి, అదే ఈక్విలిబ్రియం, పాఠం స్టూడియోలో నేను చెప్పాలి. నెల రోజులు నిద్రాహారాలు మాని తయారయ్యాను. బొమ్మలన్నీ కంప్యూటర్లో నేనే గీశాను. కొత్త చొక్కా కుట్టించుకున్నాను. "పాఠం చెప్పనీకి పోతున్నవా, పెండ్లిచూపులకు పోతున్నవా?" అంది మా ఆవిడ. బస్సెక్కే ముందురోజు క్లాసులో పిల్లలందరికీ చెప్పాను: ఫోన్ చేయండి, ఏదో ఒకటి అడగండి, టీవీలో మన కాలేజీ పేరు వినబడాలి.

స్టూడియోలో ముఖానికి పౌడరు అద్ది, లైట్ల కింద కూర్చోబెట్టారు. పాఠం చక్కగా సాగింది. చివర్లో నాలుగు ఫోన్లు వచ్చాయి. నాలుగూ వేరే ఊళ్ల నుంచే. ఒక్కో ఫోన్ మోగినప్పుడల్లా ఇదే మా వాళ్లది అనుకుంటూ ముందుకు వంగేవాణ్ని. ఖేడ్ నుంచి ఒక్కటీ రాలేదు. లైన్ కలవలేదేమోనని తిరుగు బస్సులో నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు క్లాసులో అడుగుపెట్టగానే అడిగాను, నా పాఠం ఎలా ఉందని. అందరూ బాగుందన్నారు. కల్హేరు నుంచి వచ్చే పిల్ల ఒకతి, పాపం ఉన్నదున్నట్టు చెప్పే రకం, లేచి నిలబడింది.

"మస్తుగుండె సార్. మొదాలు ఏం సమజ్ కాలే. కాక సౌండ్ బంద్ జేసి మల్ల చెప్పిండు. గప్పుడు సమజైంది."

క్లాసంతా తలలూపింది. ఎవరిలోనూ వెటకారం లేదు. వాళ్లు నన్ను మెచ్చుకుంటున్నామనే అనుకుంటున్నారు. నాకు మాత్రం కళ్లలో కారం కొట్టినట్టయింది. హైదరాబాదులో పౌడరు అద్దుకుని నేను చేతులు తిప్పుతూ చెబుతుంటే, ఇక్కడ నా నోరు ఉత్తినే ఆడుతోందన్నమాట, ఆ పక్కన నిలబడి ఇంటర్ ఫెయిలైనవాడు నా పాఠం చెబుతున్నాడు.

నేరుగా ల్యాబుకు వెళ్లాను. "నా పాఠానికి సౌండు తీసేశావా?" అన్నాను.

ఆయన చేతిలో బ్రష్షు ఆపి నన్ను చూశాడు. నా ముఖంలో ఏం కనబడిందో, ఓదార్చబోయాడు. "అందరియి తీసేస్త సార్. మీదొక్కటే గాదు."

ఆ ఓదార్పు నాకు ఇంకా మండింది.

తర్వాత వారం టీవీ పాఠం వేళకు వరండాలో, కిటికీ పక్కన నిలబడి విన్నాను. చాటుగా వినడం తప్పని నాకు తెలుసు. ఆయన మొదట పాఠాన్ని కాసేపు నడవనిచ్చాడు. పిల్లలతోపాటు తనూ నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత రిమోటు నొక్కి, "సమజైందా?" అన్నాడు. "కాలే" అని గదంతా ఒక్కటే కేక. అంత సంతోషంగా 'కాలే' అనడం నేను ఎన్నడూ వినలేదు. ఆయన మొదలుపెట్టాడు.

"వారం అంగడి చూసిండ్రు గద. పగటీలి నిండ ఉంటది. వచ్చెటోళ్లు వస్తనే ఉంటరు, పోయెటోళ్లు పోతనే ఉంటరు. అయినా అంగడి తగ్గినట్టు కనవడ్తదా? పెరిగినట్టు కనవడ్తదా? దూరంకెల్లి చూస్తే ఎవ్వలు కదుల్తలేరు అనిపిస్తది. గదే సమతాస్థితి. రెండు దిక్కుల సరుకు సమానం."

"ఏ కాకా, మల్లోపారి చెప్పు" అన్నాడొకడు వెనక బెంచీ నుంచి. ఆయన విసుక్కోకుండా మళ్లీ చెప్పాడు. ఈసారి కన్నడంలో కూడా రెండు ముక్కలు వేశాడు.

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఉదాహరణ అద్భుతం. నాకు తట్టనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అయితే చివరి వాక్యం తప్పు. సమతాస్థితిలో సమానంగా ఉండేది రెండు వైపులా సరుకు కాదు, అటు పోయే వేగం, ఇటు వచ్చే వేగం. తప్పు దొరికిందన్న ఆనందంలో ఆ సాయంత్రం రెండు చాయ్‌లు ఎక్కువ తాగాను.

ఆ రోజే ఒక నోటుబుక్కు కొన్నాను, ఆయన తప్పులు రాసుకోవడానికి. పీహెచ్‌డీకి కూడా అంత శ్రద్ధగా రాసుకోలేదు. రెండు నెలలు కిటికీ పక్కన నిలబడితే దొరికినవి మూడు తప్పులు. ఆ మూడూ పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టాను. రెండింటికి ఆయన చెవులు పట్టుకున్నాడు. సమతాస్థితి దగ్గరికి వచ్చేసరికి ముఖం చిన్నబోయింది. "గది మీరే చెప్పిండ్రు గద సార్. రెండు దిక్కుల సమానం అని. నేను ల్యాబుల కడుగుకుంట విన్న" అన్నాడు.

నమ్మలేదు. ఇంటికెళ్లే దారిలో ఒక పిల్లవాణ్ని ఆపి వాడి నోట్సు తీసి చూశాను. నేను రాయించిన వాక్యమే, వాడి వంకర చేతిరాతలో: రెండు వైపులా సమానం. తొందరలో 'వేగం' అనే మాట వదిలేశాను. ఎన్నేళ్లుగా వదిలేస్తున్నానో. మొత్తం క్లాసులో ఒక్కడైనా లేచి, ఏం సమానం సార్, అని అడిగి ఉంటే ఆ తప్పు ఆనాడే తేలిపోయేది. ఎవరూ అడగలేదు.

ఇక్కడ బుద్ధిమంతుడైతే ఆగేవాడు. నేను ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. అర్హత లేని మనిషి పాఠాలు చెబుతున్నాడని చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "పొల్లగాండ్లు కూసొని వింటుండ్రు గదా, నీకేం పరేషాన్?" అన్నాడు. నాకేం పరేషానో ఆయనకు చెప్పలేను కదా. అందుకని పై ఆఫీసుకు కాగితం రాశాను. పూల గుడ్డ తీసి, ఆ కంప్యూటరు మీదే టైపు చేశాను. అటెండరు పేరెత్తలేదు, 'బోధనేతర సిబ్బంది' అన్నాను. నాణ్యత, ప్రమాణాలు, విద్యార్థుల భవిష్యత్తు లాంటి మాటలన్నీ పడ్డాయి. నియమం ప్రకారం ఒక నకలు కాలేజీ ఆఫీసుకు కూడా ఇచ్చాను.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. టీవీ గది బాధ్యత ఒక లెక్చరర్ చూసుకోవాలి, అటెండరు అటెండరు పనికే పరిమితం కావాలి. ఆ లెక్చరర్ నేనే. ఆయన్ని ల్యాబు నుంచి కూడా తీసి ఆఫీసు వరండాలో వేశారు, గంట కొట్టడానికి, ఫైళ్లు మోయడానికి.

ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. ముడి బిగుసుకుపోయి విప్పడానికి చాలాసేపు పట్టింది. "వానపడ్డంక డిష్షు మీద నీళ్లు నిలుస్తయి సార్. గుడ్డ పెట్టి తుడవాలె. లేకుంటే బొమ్మ రాదు" అన్నాడు. సరేనన్నాను. ఆయన కళ్లలోకి చూడకుండా తాళంచెవిని జేబులో వేసుకున్నాను.

ఇప్పుడు గది నాది, రిమోటు నాది. మొదటి రోజే నేనూ సౌండు తగ్గించి, "సమజైందా?" అన్నాను, అచ్చం ఆయనలాగే.

"అయింది సార్" అన్నారు అందరూ.

ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అయింది సార్. అంగడి ఉదాహరణే చెప్పాను, వేగం అనే మాట చేర్చి, తప్పు దిద్ది మరీ చెప్పాను. అయింది సార్. పరీక్షల్లో పేపర్లు చూస్తే ఏమైందో తెలిసింది. నెల తిరిగేసరికి గదిలో సగం మంది లేరు. కాలేజీలో ఉన్నారు, గదిలో లేరు. ఆఫీసు వరండాలో గంట కింద, మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య ఆయన, ఒళ్లో ఎవరిదో పుస్తకం. ప్రిన్సిపాల్ చూసీ చూడనట్టు పోయేవాడు. మెట్ల మీద కూర్చోకూడదని మళ్లీ కాగితం రాద్దామా అని కూడా నాకు ఒకసారి అనిపించింది.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటరు. నీ పిల్లలకు గాయన కూర రుచి. నువ్వెందుకు ఊకె కడుపు కాల్చుకుంటవ్?" అనేది మా ఆవిడ. కూర ఎవరు వండినా పిల్లల కడుపు నిండితే చాలని ఆవిడ ఉద్దేశం. నాకు నా వంటే తినాలని ఉండేది.

ఇక్కడ ఓడినకొద్దీ అక్కడ గెలిచాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను నేరుగా రచ్చకే పోయాను. 2010 వచ్చేసరికి టీవీ పాఠాల కాలం పోయి, ఆన్‌లైన్ కోర్సులు మొదలయ్యాయి. పాఠాన్ని ఎనిమిది నిమిషాల ముక్కలుగా కోయడం, ప్రతి ముక్క చివర ఒక ప్రశ్న, జవాబు తప్పితే మళ్లీ వెనక్కి తీసుకుపోయే దారి. ఆ పని నాకు బాగా పట్టుబడింది. శనివారాలు బస్సెక్కి హైదరాబాదు పోయేవాణ్ని. అక్కడ కొత్తగా చేరిన లెక్చరర్లకు నేనే శిక్షణ ఇచ్చేవాణ్ని. సమతాస్థితి పాఠంలో అంగడి ఉదాహరణ పెట్టాను. చూసినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఇంత చక్కటి పోలిక ఎక్కడ దొరికిందని ఒక పెద్ద ప్రొఫెసరమ్మ అడిగింది. "మా ఊరి అంగడిలో" అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఖేడ్‌లో కూడా టీవీ గది పోయి కంప్యూటర్ల గది అయింది. పది కంప్యూటర్లు, ఒక హెడ్‌ఫోను, కిటికీలకు తెరలు. నా కోర్సులు కొన్ని అక్కడే రికార్డు చేసేవాణ్ని. సరిగ్గా మంచి వాక్యం మధ్యలో బయట ఆయన గంట కొట్టేవాడు. కావాలని కొడుతున్నాడనుకునేవాణ్ని. టైమ్‌టేబుల్ నేనే వేశానన్న సంగతి తర్వాత గుర్తొచ్చేది.

కోర్సులో చర్చల పేజీ అని ఒకటి ఉంటుంది. పిల్లలు సందేహాలు రాయాలి, మనం జవాబు ఇవ్వాలి. అది నడవకపోతే కోర్సుకు విలువ తగ్గుతుంది. నా పేజీ ఖాళీగా ఉండేది. అప్పుడు నేను చేసిన పని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. లేని పిల్లల పేర్లు రెండు సృష్టించి, వాళ్ల తరఫున నేనే సందేహాలు అడిగాను. నేనే జవాబులు రాశాను. 'ధన్యవాదాలు సార్, ఇప్పుడు అర్థమైంది' అని కూడా నేనే రాసుకున్నాను. అది టైపు చేస్తుంటే కిటికీ తెర పక్కనుంచి మెట్ల మీది గోల వినబడుతూనే ఉంది. ఒకరి మీద ఒకరు పడి అడుగుతున్నారు ఆయన్ని. ఆ రోజు నా మీద నాకు వేసిన రోత అంతా ఇంతా కాదు. అయినా ఆ ధన్యవాదాలు చెరిపేయలేదు.

2014లో, కొత్త రాష్ట్రం వచ్చిన వానాకాలం, ఒక మధ్యాహ్నం ఆయన కంప్యూటర్ల గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతిలో మడిచిన కాగితం ఉంది. నేను హెడ్‌ఫోను తీశాను.

"సార్, ఒకటడుగుదామని వచ్చిన."

సెలవు కాగితం అనుకున్నాను. విప్పి చూస్తే బఫర్ ద్రావణం మీద ప్రశ్న. అందులో కొంచెం ఆమ్లం పోసినా పీహెచ్ దాదాపు మారదు, ఎందుకు అని పెన్సిలుతో రాసి ఉంది.

"గిది నాకు సమజ్ కాదు సార్. ఇన్నేండ్లసంది పొల్లగాండ్లకు చెప్పుకుంట చెప్పుకుంట ఈడికి రాంగనే దాటేస్తున్న. ఇయాల ఒక పిల్ల గట్టిగ పట్టుకున్నది. నన్ను ఇడుస్తలేదు."

స్టూడియో గొంతుతో చెప్పాను. నాలుగు నిమిషాల్లో ముగించాను.

"కాలే సార్. మల్లోపారి."

ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆయన. మళ్లీ చెప్పాను, కొంచెం నెమ్మదిగా. ఆయన నుదురు ముడిపడే ఉంది. "కాలే" అన్నాడు, ఏమాత్రం మొహమాటపడకుండా. కంప్యూటరు ఆపేసి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లాను. బఫరు లోపల కలిపి ఉంచిన ఎసిటేటు ముందే కాచుకుని ఉంది, ఆమ్లం వచ్చీరాగానే పట్టుకుని తనతో కలిపేసుకుంటుంది, దాన్ని ఒంటరిగా బయట తిరగనివ్వదు, అందుకే పీహెచ్‌కు దాని సంగతి దాదాపు తెలియనే తెలియదు. ఇలా చెప్పాను. ఇలా ఎప్పుడూ చెప్పలేదు.

"మరి పట్టుకునేటిది ఒడిసిపోతే?" అన్నాడు.

"అప్పుడు మారుతుంది. బఫర్‌కూ ఒక హద్దుంది."

"గట్ల జెప్పుండ్రి సార్!" ఆయన ముఖం వెలిగింది. కాగితం వెనక్కి తిప్పి గబగబా రాసుకున్నాడు.

ఆయన రాసుకుంటుంటే నోరు దానంతటదే తెరుచుకుంది. "టీవీ గదిలోంచి నిన్ను తీసేయమని పై ఆఫీసుకు కాగితం రాసింది నేనే" అన్నాను.

"ఎరుకే సార్" అన్నాడు తలెత్తకుండా. "ఆఫీసుల క్లర్కు లీవుల ఉండె గా దినం. నకలు మీద ముద్ర కొట్టి ఫైలుల పెట్టింది నేనే."

అంటే మొలతాడు ముడి విప్పి నా చేతిలో తాళంచెవి పెట్టిన రోజుకే ఆయనకు తెలుసు. డిష్షు తుడవమని చెప్పిన రోజుకే తెలుసు.

"మరి నా దగ్గరికెందుకు వచ్చావు?" అన్నాను.

ఆ ప్రశ్న ఆయనకు వింతగా తోచినట్టుంది. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "మీకెరుక గద సార్. నాకెరుక లేదు" అన్నాడు.

చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి మెట్ల మీద ఆయన గొంతు వినబడింది. అదే బఫరు. నా మాటలతోనే మొదలుపెట్టి, మధ్యలో దారి మార్చి, తన దారిన తీసుకుపోయాడు. ఆ పిల్ల రెండుసార్లు కాలేదంది. మూడోసారి అయిందంది. నాకు మళ్లీ పాత మంటే, ఇసుమంతైనా తగ్గకుండా. బోర్డు మీద నా సుద్దగీతలు అలాగే ఉన్నాయి.

తెలియనిది ఉంటే ఆయన నా గుమ్మం దాకా వచ్చి అడిగాడు, తనకు నేను చేసింది తెలిసి కూడా. నాకు తెలియనిది ఒకటుంది. పిల్లలు ఆయనతో 'కాలే' అని ఎలా అనగలుగుతారు, నాతో ఎందుకు అనరు. పదమూడేళ్లు ఒకే కాలేజీలో ఉండి ఆ ముక్క ఆయన్ని అడగలేదు. ఆ రోజు ఆయన గొంతు వినబడుతుంటే లేచి గుమ్మం దాకా వెళ్లాను. మెట్లు అక్కడికి పది అడుగులు. వెనక్కి వచ్చి హెడ్‌ఫోను పెట్టుకున్నాను.